వినని వారికి విన్నపం

పోయిన ఆదివారం పొద్దున మా అమ్మ పెరట్లో బావి గట్టు దగ్గర కూలబడింది. కుడి మణికట్టు చూస్తుండగానే గుత్తి వంకాయంత అయింది. నేను ఆటో కోసం వీధిలోకి పరుగెత్తుతుంటే పక్కింటి మాస్టారు అరుగు మీద నుంచే ఆపి, "ఏమయ్యా, ఎక్కడికా హడావుడి?" అన్నారు. అమ్మ పడిపోయిందని చెప్పాను. ఆయన సెల్‌ఫోను మీది చూపు తిప్పకుండా, నిండు మనసుతో, "మంచిది, మంచిది. శుభం" అని దీవించారు.

ఆయనను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. ముప్పై ఏళ్లపాటు పిల్లలకు "శ్రద్ధగా వినండిరా" అని చెప్పి రిటైరైన మనిషి. ఆ మాట అన్ని వేలసార్లు అన్నవారికి తాము వినవలసిన బాకీ కూడా చెల్లిపోతుందేమో. చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెబుతూ, మన ఊఁ ఆగిందంటే నిద్రపోయామని గ్రహించి కథ ఆపేసేది. ఇప్పటి పెద్దమనుషులు ఎంతో ముందుకు వెళ్లారు. మనిషి నిద్రపోయినా ఊఁ ఆగదు.

సాయంత్రం అమ్మ చేతికి కట్టు కట్టించుకుని వచ్చాక, శాస్త్ర పరిశోధన నిమిత్తం నేను ఆ అరుగెక్కాను.

"మాస్టారూ, రాత్రి మా బావిలో తిమింగలం పడింది."

"ఊఁ."

"గోపాలపురం సముద్రం నుంచి ఊట వెంట వచ్చిందట."

"వస్తాయి, వస్తాయి."

"నిండు చూలాలు. పురుడు పోయడానికి మునిసిపాలిటీ వారు ఒప్పుకోవడం లేదు."

"వాళ్లెప్పుడూ అంతే."

"అందుకని మీ మేడ మీది గది ఒక నెల అద్దెకిస్తారేమోనని..."

ఫోను ఒళ్లోకి దిగింది. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కాయి. ఆ మనిషికి రెండు చెవులున్న సంగతి ఆ క్షణంలోనే నాకు రూఢి అయింది. "అద్దె మూడు వేలు. రెండు నెలల అడ్వాన్సు. కరెంటు వేరే. ఇంతకీ ఎవరికయ్యా? నీచు వండుకునేవాళ్లకు ఇవ్వను సుమా!"

తిమింగలం ఏం తింటుందో నేను వివరించబోయేసరికి ఫోను మళ్లీ పైకి లేచింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగాడట. ఆ చెవిటివాడు ఎంత మర్యాదస్తుడు! ఎదురుగా ఒక మనిషి నోటి దగ్గర ఏదో పెట్టుకున్నాడని కనీసం చూశాడు.

మా బరంపురంలో వినకపోవడానికి ఒక సాకు తాతల నాటి ఆస్తిగా సంక్రమించింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మేము ఇటు వచ్చాం. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా. ఎవరికి ఏది అర్థం కాకపోయినా పాపం భాష మీద తోసేయవచ్చు. కానీ మాస్టారిదీ నాదీ ఒకే తెలుగు, ఒకే వీధి, ఒకే ప్రహరీ గోడ.

పర్లాకిమిడిలోనూ ఒక బడిపంతులు ఉండేవారు, గిడుగు రామమూర్తి. అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల మాట ఆయనకు రాదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, కొండలెక్కి తిరిగారు, మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైనుతో చెముడు వచ్చింది. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం అచ్చయింది. వినిపించని మనిషి అంత విన్నారు! ఆ చెముడులో కొంచెం మా మాస్టారికి, మరికొంచెం మొన్న అమ్మను చూసిన డాక్టరుకు ప్రసాదించమని నా మొక్కు.

ఆ డాక్టరూ తెలుగువాడే. ముందే చెబుతున్నాను, మళ్లీ భాష మీదికి తోసేయకుండా. అమ్మ మొదలుపెట్టింది. "జారిపడలేదు నాయనా, కళ్లు తిరిగాయి. నాలుగు రోజులుగా మంచం మీద నుంచి లేచేసరికి..." ఆ "లేచేసరికి" దగ్గర చీటీ చిరిగి బల్ల మీదికి వచ్చింది. ఎక్స్‌రే, నొప్పి మాత్రలు, తరువాతి నంబరు. నేను నోరు తెరిచేలోపు తరువాతి నంబరు కుర్చీలో కూర్చుంది.

బయటికి వచ్చాక అమ్మ, "పోనీలేరా, ఆయనకు తీరిక లేదు. నేనే నసపెట్టాను" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నస ఏమిటి? ఎందుకు పడిందో ఆవిడ చెబుతోంది! జబ్బు తన పేరు తానే చెప్పుకుంటుంటే చీటీ చించడానికి ఎన్నేళ్లు చదవాలి? డెబ్బై ఆరేళ్ల మనిషి రెండు వాక్యాలు మాట్లాడి తప్పు చేసినదానిలా తలవంచుకుని లేచింది. రేపు మళ్లీ పడి తుంటి విరిగితే ఆ తుంటికీ ఫొటో తీస్తారు, ఆ మనిషిని మాత్రం అడగరు. సిగ్గుండాలి.

సోమవారం కూరలమ్మాయి వచ్చింది. ఒడియా పిల్ల, తెలుగు ముక్కలు నలభై కూడా రావు. కట్టు చూసి, "కొణొ హెలా మావుసి?" అని గంప దించి గడప మీద కూర్చుంది. అమ్మ చెప్పింది, సగం తెలుగు, సగం ఒడియా, మిగతాది చేతులతో. ఆ పిల్ల ఊఁ కొట్టలేదు. అమ్మ మొహమే చూస్తూ కూర్చుంది, తోటకూర ఎండలో వాడుతున్నా. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది, ఈ మధ్య కొత్త మాత్రలేవైనా మింగుతున్నావా అని.

మింగుతోంది. రక్తపోటుకు, వారం కిందట మార్చినవి. వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి పోటు చూసి మాత్ర తగ్గించాడు.

నిన్న మాస్టారు ప్రహరీ మీదుగా తల ఎత్తి, ఎంతో నొచ్చుకుంటూ పలకరించారు. "ఏమయ్యా, మీ అమ్మగారు పడిపోయారటగా! పక్కింట్లో ఉన్నాను, నాకు ఒక్క మాటైనా చెప్పకూడదా?"

"ఊఁ" అన్నాను.