పగుళ్లన్నీ వేర్లు తోయడం వల్ల రావు
గోడ పగిలితే వేర్లు పునాదిని తోస్తున్నట్టేనని, ముందు పక్కనున్న పెద్ద చెట్టు కొట్టేయమని ఒకరు రాశారు, అది నాకు సరిగా అనిపించలేదు. మాది గుంటూరు వైపు నల్లరేగడి నేల. పడమటి గోడకు 8 అడుగుల దూరంలో నాన్న నాటిన వేపచెట్టు ఉంది. ఏప్రిల్‌కల్లా కిటికీ మూలన రూపాయి బిళ్ల దూరేంత పగులు తెరుచుకునేది, వానలు పడ్డాక వెంట్రుకవాసికి మూసుకునేది. అంటే వేరు పునాదిని తోయడం కాదు, ఎండల్లో చెట్టు తడి లాగేస్తుంటే నేల కుంగుతోంది. అలాంటి చోట చెట్టును ఒక్కసారిగా తీసేస్తే రేగడి మళ్లీ నీరు పీల్చి ఉబ్బి, పునాదినే పైకి లేపే ప్రమాదం ఉంది. మేం కొమ్మలు తగ్గించి, కారుతున్న డ్రైనేజీ పైపు మార్పించాం. పాత పైపు తీస్తే లోపల వేర్లు జడలా అల్లుకుని ఉన్నాయి! మూడు వేసవులైంది, పగులు పెరగలేదు. గోడ సందులో మొలిచే రావి మాత్రం వేరే సంగతి, దాన్ని వేలెడు ఉండగానే పీకేయాలి.