తాడు ఇంట్లో, కాళ్ళు సంతలో

చైనాలో హాన్ ఫెయి అనే తత్వవేత్త (క్రీ.పూ. 233లో జైల్లోనే పోయాడు పాపం) రాసిన పిట్టకథ ఒకటుంది. జెంగ్ రాజ్యం వాడొకడు చెప్పులు కొనడానికి సంతకెళ్ళి, కాలి కొలత ఇంట్లో మర్చిపోయానని వెనక్కొచ్చి, అది పట్టుకుని మళ్ళీ వెళ్ళేసరికి సంత ఎత్తేశారు. ఉత్త చేతులతో ఇంటికొస్తే పెళ్ళాం ఏమందో ఆయన రాయలేదు. అది నా ఊహ.

ఆమె: చెప్పులేవండీ?

అతను: సంత ఎత్తేశారే. మొదటిసారి జత దొరికింది, బేరం కూడా కుదిరింది, తీరా చూస్తే కొలత తాడు ఇక్కడే చాప మీద!

ఆమె: తాడు ఇక్కడుంటే, మరి కాళ్ళెక్కడున్నాయి?

అతను: నాతోనే ఉన్నాయిలే.

ఆమె: తొడిగి చూసుకోవచ్చుగా!

అతను: కాలిని నమ్మకూడదే, పొద్దున ఒకలా ఉంటుంది, సాయంత్రానికి వాస్తుంది. చక్రాలు చేసేవాడికి కంపాస్, వడ్రంగికి మూలమట్టం ఉండాల్సిందే, కంటి అంచనా పనికిరాదని తత్వవేత్త మోజీగారు ఏనాడో చెప్పారు. దాన్నే ‘ఫా’ అంటారు. కొలతకీ చట్టానికీ అదే మాట.

ఆమె: కూరలో ఉప్పెంతో రోజూ మీ అమ్మ చెప్తుందే, అదీ ఫానేనా?

అతను: (గొంతు తగ్గించి) తల్లిదండ్రుల్నీ, గురువుల్నీ, రాజుల్నీ కొలతగా పెట్టుకోకూడదట. లోకంలో తల్లిదండ్రులు బోలెడుమంది, మంచివాళ్ళే తక్కువన్నారు మోజీగారు. ఆకాశమే కొలతట.

ఆమె: ఆ ముక్క కాస్త గట్టిగా అనండి, అత్తయ్యకి వినపడాలి.

అతను: ఊరుకోవే! మన జెంగ్ మనిషి షెన్ బుహాయ్ గారు మంత్రిగా ఉన్న కొలువు సంగతి విన్నావా? అక్కడ హాన్ రాజ్యపు జావో ప్రభువు తాగి పడుకుంటే, చలేస్తుందని టోపీలు చూసేవాడు పైన బట్ట కప్పాడు. ప్రభువు లేచి, బట్టలవాడికి పని మానినందుకూ, టోపీవాడికి తనది కాని పని చేసినందుకూ ఇద్దరికీ శిక్ష వేశాడు. చలి కన్నా హద్దు దాటడమే ప్రమాదమట!

ఆమె: ఓహో. మొన్న మీరు తాగొచ్చి అరుగు మీద పడిపోతే దుప్పటి కప్పింది నేను. ఇకమీదట నాది పొయ్యి ఒక్కటే.

అతను: ఇంట్లో అంత పట్టింపు దేనికిలే...

ఆమె: ఎందుకుండకూడదూ? ఏదీ, ఆ తాడిలా ఇవ్వండి. (కాలి పక్కన పెట్టి) రెండు వేళ్ళు తక్కువుంది. ఇది నిరుడు పెద్దాడి చెప్పులకి తీసిన కొలతండీ!

అతను: (తాడునీ కాలినీ చాలాసేపు మార్చి మార్చి చూసి) ...అయితే నా కాలే ఎక్కువైందన్నమాట.