సవరణ: పచ్చి తుప్పల కుప్పకు అదే రోజు నిప్పు పెట్టొద్దు

ఆనందపురం, భీమిలి వైపు పొలాలు బాగుచేయించే వారికి రాసిన పోస్టులో ‘జేసీబీతో తుప్పలు నెట్టి, డీజిల్ పోసి సాయంత్రమే తగలబెట్టండి’ అని ఉంది. అలా చేయొద్దు. పచ్చి కొమ్మ బరువులో దాదాపు సగం నీరే. డీజిల్ పైపైన మండిపోతుంది, మిగిలేది పొగే. కొన్ని వారాలు ఎండనివ్వండి. పెట్రోలు అసలే వద్దు, దాని ఆవిరి అంటించే మనిషి మీదికే భగ్గుమంటుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు మట్టి. జేసీబీ ముందుండే బకెట్‌తో నేల గీకితే వేళ్లతోపాటు ఎర్రమట్టీ కుప్పలో చేరి గాలి ఆడనివ్వదు. లోపల రోజుల తరబడి కుములుతూనే ఉంటుంది. దువ్వెనలా పళ్లుండే రేక్ తగిలించిన ఎక్స్‌కవేటర్‌తో తుప్పలు ఎత్తి, మట్టి, బాగా దులిపించి పేర్చించండి. మంట పాకకుండా కుప్ప చుట్టూ గడ్డి లేకుండా నేల గీకించి, సముద్రపు గాలి లేవకముందే, పొద్దున్నే అంటించండి. సర్కారు తుమ్మ మొదలు మాత్రం పైపైన కాల్చినా మళ్లీ చిగురిస్తుంది, నేల లోపలికంటా పెకలించాల్సిందే.