ఆలస్యమే శిక్ష తగ్గింపా?

లంచం కేసులోనో, ప్రజల సొమ్ము స్వాహా చేసిన కేసులోనో కింది కోర్టు వేసిన శిక్షపై అప్పీలు ఏళ్ల తరబడి నానుతుంది. విచారణకు వచ్చేసరికి ముద్దాయి పదవీ విరమణ చేసి, రోగాల చిట్టాతో నిలబడతాడు. నేరం రుజువైందని అంగీకరించి, ‘చాలా కాలం గడిచింది, వయసు మీద పడింది’ కాబట్టి కనికరించాలని అతడి వకీలు వేడుకుంటాడు. ఆ మాట చెల్లుబాటైన సందర్భాలకు కొదవ లేదు. ఇది ఆనవాయితీగా స్థిరపడితే, బెయిలుపై బయట ఉండి వాయిదాలు పెంచుకోవడమే దోషికి లాభసాటి అవుతుంది.

నమ్మకద్రోహం కేసులే చూడండి. అధికారంలో ఉండి అప్పగించిన సొమ్మును కాజేస్తే ఐపీసీ 409వ సెక్షన్ యావజ్జీవం దాకా శిక్ష వేయమంది; దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 316(5) కూడా అంతే. కానీ కనిష్ఠ శిక్ష ఎక్కడా లేదు. ఆ సందులోంచే ‘ఇప్పటికే అనుభవించిన కాలంతో సరి’ అనే తీర్పులు దూరుతున్నాయి. సొమ్ము తిరిగి కట్టేశామన్న వాదన మరొకటి. తాత్కాలికంగా వాడుకున్నా నేరమే, తర్వాత కట్టినా నేరం మాసిపోదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో వలసపోయిన కొడుకు పంపిన డబ్బును దాచుకున్న ముసలామె పాసుపుస్తకంలో అంకె ఉండి, లెడ్జరులో లేకపోతే, ఆ అంకె కోసం ఆమె కాళ్లరిగేలా తిరిగిన ఏళ్లను ఏ తీర్పు లెక్కలో వేస్తుంది?

లంచం కేసుల్లో కనిష్ఠ శిక్ష ఉంది. 2014కు ముందు నాటి నేరాలకు అది సెక్షన్‌ను బట్టి ఆరు నెలలో, ఏడాదో మాత్రమే కాబట్టి, ‘కాలం గడిచింది’ అన్న వాదన అక్కడిదాకా దింపడానికి పనికొస్తోంది. ఫిర్యాదుదారు ఎదురుతిరిగినా, మరణించినా పరిస్థితుల సాక్ష్యంతో లంచం అడిగిన సంగతి రుజువు చేయవచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిచెప్పింది. దానికి నాయకత్వం వహించిన జస్టిస్ అబ్దుల్ నజీర్ మరుసటి ఏడాదే మన ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చారు. అయినా ఇచ్ఛాపురం రైతు విశాఖ ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) కోర్టు మెట్లెక్కి సాక్ష్యం చెప్పాక, అమరావతి హైకోర్టులో అప్పీలు ఏ ఏడాది తేలుతుందో అతడికి చెప్పే నాథుడు లేడు.

అప్పీలు హక్కు అని, నిర్దోషులూ చిక్కుకుంటారని వాదించేవారు ఉన్నారు; నిజమే. ఉమ్మడి రాష్ట్రంలో 1995 నాటి రూ.250 లంచం కేసులో మండల రెవెన్యూ అధికారిని సుప్రీంకోర్టు నిర్దోషిగా ప్రకటించేసరికి 2014 వచ్చింది. అంటే ఈ జాప్యం అమాయకుడినీ పద్దెనిమిదేళ్లకు పైగా నలిపేసింది. నష్టపోనిది దోషి ఒక్కడే.

అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ, కింది కోర్టు విచారణను రెండేళ్లలో ముగించేందుకు ప్రయత్నించాలంది. గడువు పొడిగించినా మొత్తం సాధారణంగా నాలుగేళ్లు దాటరాదంది. అప్పీలుకు మాత్రం అలాంటి గడువు పెట్టలేదు. హైకోర్టుకు మంజూరైన 37 న్యాయమూర్తి పోస్టులు భర్తీ చేయించడం, పాత అప్పీళ్లకు ప్రత్యేక బెంచి కోరడం ప్రభుత్వం చేయదగ్గ పనులే. పట్టుకున్న రోజు, లంచం నోట్లు తాకిన చేతులు కడగగా రంగు మారిన ద్రావణం సీసాలు పెట్టి విలేకరులను పిలిచే యంత్రాంగం, ఆ కేసు అప్పీలులో తన న్యాయవాది ఎన్నిసార్లు వాయిదా అడిగారో కూడా అదే విలేకరులకు చెప్పాలి. ఆ లెక్క చెప్పే ధైర్యం లేనివారు అవినీతిపై యుద్ధమంటూ శ్రీకాకుళం వచ్చి ఉపన్యాసాలు దంచనక్కర్లేదు.