సవరణ: ఆల్ఫ్వెన్ తరంగాలన్నీ ఎలక్ట్రాన్లను తోయవు

పోయిన వారం ధ్రువకాంతుల (పైనుంచి వచ్చే ఎలక్ట్రాన్లు గాలిని ఢీకొన్నప్పుడు ధ్రువాల దగ్గర ఆకాశంలో పుట్టే వెలుగులు) మీద రాసిన పోస్టులో "ఆల్ఫ్వెన్ తరంగం ఏదైనా సరే, ఎలక్ట్రాన్లను భూమివైపు తోస్తుంది" అన్నాను. అది తప్పు. (ఆల్ఫ్వెన్ తరంగమంటే ప్లాస్మాలో, అంటే విద్యుదావేశ కణాలున్న వాయువులో, అయస్కాంత రేఖల వెంబడి సాగే తరంగం.) ఇక్కడ తిరుపతిలో డిగ్రీ ఫిజిక్స్ చదివే ఒక అమ్మాయి పట్టుకుంది: "సార్, ఆ తరంగంలో అయస్కాంత రేఖ వెంబడి విద్యుత్ క్షేత్రమే ఉండదు కదా, మరి తోసేదేంటి?" చాలా మంచి ప్రశ్న.

1942లో హానెస్ ఆల్ఫ్వెన్ చెప్పిన మామూలు తరంగం, మీటిన వీణ తీగలా అయస్కాంత రేఖను అడ్డంగా ఊపుతుంది, అంతే. రేఖ వెంబడి ఎలక్ట్రాన్‌కు వేగం రాదు. కానీ తరంగం అడ్డంగా బాగా సన్నబడి, భూమికి దగ్గర్లో కొన్ని కిలోమీటర్ల స్థాయికి వస్తే సంగతి మారుతుంది. ఎలక్ట్రాన్లకు ఎంత తక్కువైనా జడత్వం ఉంది. వాటిని కదిలించడానికి రేఖ వెంబడి విద్యుత్ క్షేత్రం పుడుతుంది. తరంగవేగం కూడా ఆ వెడల్పును బట్టి మారుతుంది. ఇలా వెడల్పును బట్టి వేగం మారే తరంగాన్నే విక్షేపణ తరంగం అంటారు. దాదాపు అదే వేగంతో పోయే ఎలక్ట్రాన్లు దాని నుంచి శక్తి పుంజుకుంటాయి. 2021లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రయోగశాల ప్లాస్మాలో దీన్ని కొలిచి చూపించారు. నాకు ఎంతో నచ్చిన ప్రయోగం అది.

అన్ని ధ్రువకాంతులకూ ఇదొక్కటే కారణం కాదు. నిలకడగా ఉండే వోల్టేజి తేడాలు కూడా ఎలక్ట్రాన్లను కిందికి తోస్తాయి. ఆ మాట కూడా నేను వదిలేశాను.

తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధనకు వాడే రాడార్ దగ్గర ధ్రువకాంతులు కనిపిస్తాయా అని కొందరు అడిగారు. కనిపించవు. ధ్రువకాంతి వలయం మామూలుగా 65–70 డిగ్రీల అయస్కాంత అక్షాంశాల (భూమి అయస్కాంత ధ్రువాలను బట్టి లెక్కించేవి) దగ్గర ఉంటుంది, గాదంకి ఉన్నది 13.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో.

పాత పోస్టులో ఆ వాక్యాన్ని మార్చాను.