ఒక్క చక్కెర అణువు, మూడు అవయవాలు

డయాలసిస్ చేయించుకునే మనిషి సంచిలో చాలాసార్లు మూడు ఫైళ్లు కనిపిస్తాయి. కిడ్నీ డాక్టరుది ఒకటి, గుండె డాక్టరుది ఒకటి, విరిగిన తుంటికి చూసిన ఎముకల డాక్టరుది మరొకటి. ఇన్ని జబ్బులేమిటని ఇంట్లోవాళ్లు కుమిలిపోతారు. నిజానికి ఆ మూడింటినీ కలిపే ముడి ఒకటుంది.

ఆ ముడి ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోను. అది ఎముకలో తయారై కిడ్నీలో పనిచేస్తుంది. ఒంట్లో ఎక్కువైన ఫాస్ఫరస్‌ను మూత్రంలోకి పంపడం దాని పని. 251 అమైనో ఆమ్లాల గొలుసు అది. ఫ్యూరిన్ అనే ఎంజైము ఆ గొలుసును 179, 180 స్థానాల మధ్య తెంపేస్తే హార్మోను ఇక పనికిరాదు. ఆ కత్తెరకు అడ్డుపడేది 178వ స్థానంలో అతుక్కున్న చిన్న చక్కెర అణువు. (మధుమేహంలో రక్తంలో పెరిగే చక్కెర వేరు, దీన్ని కణమే పనిగట్టుకుని అతికిస్తుంది.) అతికించే గాల్‌ఎన్‌టీ3 జన్యువు చెడితే ఏమవుతుందో 2004లో తేలింది. హార్మోను తెగిపోతుంది, ఫాస్ఫరస్ పేరుకుంటుంది, తుంటి, భుజం, మోచేయి కీళ్ల చుట్టూ సున్నపు గడ్డలు కడతాయి.

కిడ్నీ జబ్బులో ఇది తిరగబడుతుంది. తెగని హార్మోను పెరిగిపోతుంది. అది నేరుగా గుండె కండరాన్ని మందంగా మారుస్తుందని 2011లో ఎలుకల్లో చూపించారు. మరి ఆపేస్తే? కిడ్నీ జబ్బున్న ఎలుకల్లో ఆ హార్మోనును పట్టుకుని అడ్డుకునే యాంటీబాడీతో ఆపి చూశారు. ఫాస్ఫరస్ పెరిగింది, బృహద్ధమనిలో కాల్షియం పేరుకుంది, యాంటీబాడీ ఇవ్వని వాటికంటే ఎక్కువ ఎలుకలు చనిపోయాయి. ఒక్క అవయవాన్నే చూసి వైద్యం చేయడం ఎంత ప్రమాదమో ఇంతకంటే స్పష్టంగా ఏం చెప్పాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ప్రస్తావన వస్తే అందరూ అడిగేది క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంత అనే. ఫాస్ఫరస్ మామూలుగా ఉందని రిపోర్టు వస్తే ఊపిరి పీల్చుకుంటాం. కానీ తొలి దశల్లో ఆ అంకెను అదుపులో ఉంచుతున్నది ఎడతెగక శ్రమిస్తున్న ఈ హార్మోనే. ఆ దశలోనే పారాథైరాయిడ్ హార్మోను (కాల్షియం, ఫాస్ఫరస్‌లను అదుపుచేసే మరో హార్మోను), గుండె ఎకో, రక్తంలో ఐరన్ కలిపి చూడాలని నా వాదన. ముఖ్యంగా ఐరన్. అది తగ్గితే ఎముక ఈ హార్మోనును మరింతగా తయారుచేస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఆ అదనం తెగిపోతుంది. కిడ్నీ దెబ్బతిన్నవారిలో చాలావరకు తెగకుండానే రక్తంలో చేరి గుండె దాకా వెళ్తుంది.