సీఆర్‌పీ నార్మల్ అంటే డెలిరియం లేదని కాదు

"ఆసుపత్రిలో ఉన్న పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతుంటే సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 చేయించండి. పెరిగి ఉంటే డెలిరియం, నార్మల్‌గా ఉంటే వయసు మతిమరుపు. ఆ అంకె దిగితే మనిషి కోలుకున్నట్టే." చాలామంది పంచుకుంటున్న సందేశం ఇది. డెలిరియం అంటే జబ్బు వల్లనో, మందుల వల్లనో ఉన్నట్టుండి వచ్చే అయోమయం. సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 అంటే ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రోటీన్లు. ఒక్కో ముక్కా చూద్దాం.

మొదటిది, రక్తపరీక్షతో తేలిపోతుందన్న మాట. డెలిరియం ఉందా లేదా అని నిర్ధారించే రక్తపరీక్ష ఇప్పటివరకు లేదు. మంచం పక్కన కూర్చుని, రోగితో మాట్లాడి తేల్చాల్సిందే. అందుకు వాడే 4ఏటీ అనే పరీక్షకు రెండు నిమిషాలు చాలు. మెలకువ ఎలా ఉందో చూస్తారు. వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, ఏ సంవత్సరమో అడుగుతారు. డిసెంబర్ నుంచి నెలలు వెనక్కి చెప్పమంటారు. ఈ మార్పు కొత్తగా వచ్చిందా, వస్తూ పోతూ ఉందా అని కనుక్కుంటారు. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ మార్కులొస్తే డెలిరియం అని అనుమానించాలి. ఆ చివరి ప్రశ్నకు జవాబు ల్యాబ్ దగ్గర ఉండదు, ఇంటివాళ్ల దగ్గరే ఉంటుంది.

"పెరిగితే డెలిరియం" అన్నదాంట్లో కొంత నిజం ఉంది. డెలిరియం వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ గుంపులుగా పోల్చిన కొన్ని అధ్యయనాల్లో, వచ్చినవాళ్లకు సగటున ఈ సూచికలు ఎక్కువగానే కనిపించాయి. కానీ అది సగటు. రెండు గుంపుల అంకెలూ బాగా కలిసిపోతాయి కాబట్టి, ఒక మనిషి రిపోర్టు చూసి ఆయన ఏ గుంపువాడో చెప్పలేం. పైగా సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యేది. న్యుమోనియా వచ్చినా పెరుగుతుంది, ఆపరేషన్ అయితే రెండు మూడు రోజుల్లో గరిష్ఠానికి చేరుతుంది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయినవాళ్లలో, తెలివి నిక్షేపంలా ఉన్నవాళ్లకు కూడా అది ఎక్కువగానే ఉంటుంది. నరాల తంతువులు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే న్యూరోఫిలమెంట్ లైట్ మీద పరిశోధకులకు ఆశలున్నాయి. అదీ వయసుతో పెరుగుతుంది, మూత్రపిండాలు సరిగా పనిచేయకపోయినా పెరుగుతుంది.

నన్ను భయపెట్టేది మూడో ముక్క: నార్మల్‌గా ఉంటే మతిమరుపేనట! నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మందులు, మూత్రం బిగుసుకుపోవడం, అలవాటైన మద్యం హఠాత్తుగా ఆగిపోవడం, ఇవన్నీ సీఆర్‌పీని కదిలించకుండానే డెలిరియం తేగలవు. తేడా చెప్పేది వేగం. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, సాధారణంగా నెలలు, ఏళ్ల మీద ముదురుతుంది. డెలిరియం గంటల్లో, రోజుల్లో వచ్చిపడుతుంది, పొద్దున బాగుండి రాత్రికి ముదరొచ్చు. డిమెన్షియా ఉన్నవాళ్లకు ఇది వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. అరిచి గోల చేసేవాళ్లను అందరూ గమనిస్తారు. పిలిస్తే పలక్కుండా, అన్నం ముట్టకుండా మగతగా పడుకున్నవాళ్లను "పాపం, నిద్రపోతున్నారు" అని వదిలేస్తారు. ఎక్కువగా తప్పిపోయేది ఈ రకమే.

అంకె దించడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పొగ తగ్గించినంత మాత్రాన మంట ఆరదు. ఇన్ఫెక్షన్ ఉంటే దానికి వైద్యం చేయాలి, మందు వల్లయితే డాక్టర్ ఆ మందు మార్చాలి. ఇన్ఫెక్షన్ తగ్గి సీఆర్‌పీ దిగినా, అయోమయం రోజులు, వారాలు కొనసాగొచ్చు.

అలాగని రక్తపరీక్షలు వద్దనడం లేదు. సోడియం, చక్కెర, కాల్షియం, క్రియాటినిన్, రక్తకణాల లెక్క తప్పకుండా చూడాలి. డెలిరియం ఎందుకొచ్చిందో వెతకడానికి అవి కావాలి.

నివారణ సంగతి ఆ సందేశంలో అసలే లేదు. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో 70 ఏళ్లు, ఆపై వయసున్న 852 మంది రోగులను చూశారు. కళ్లజోడు, వినికిడి యంత్రం అందించడం, నీళ్లు తాగించడం, నడిపించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడడం వంటివి చేసిన గుంపులో 9.9 శాతం మందికి డెలిరియం వచ్చింది. మామూలు సంరక్షణ పొందినవాళ్లలో 15 శాతానికి. కాబట్టి ఇంట్లో మరిచిపోయిన కళ్లజోడు తెచ్చివ్వండి. వాడే మందులన్నీ డాక్టర్‌కు చూపించండి. "నిన్న సాయంత్రం దాకా మామూలుగానే మాట్లాడారు, పొద్దున్నుంచే ఇలా ఉన్నారు" అని నర్సుకు చెప్పండి.